సంస్కృతము, ఫ్రెంచి: ఒక జంటచదువు చరిత్ర

మన వనస్థలిపురమునుండి నగరమునకు పోవువారు ఎల్బీనగరులో మెట్రో బండి నెక్కి, దిలుసుఖ్‌నగరు దాటిన వెంటనే మూసారాంబాగను స్టేషనును చూతురు. ఆ పేరిలోని మూసారాముడు మన పురాణములలోని రాముడు కాడు. 1755వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జన్మించి, 1775లో పుదుచ్చేరికి వచ్చి, 1786లో నిజాం అలీఖాను కొలువున చేరిన రేమండు దొర ఆయన. 'మొస్స్యూ రేమాం' అను పిలుపు హిందువుల నోట మూసారాం అయ్యెను; ముస్లిముల నోట మూసా రహీం అయ్యెను. 1798 మార్చి 25న ఆయన మరణింపగా ఆస్మాన్‌గఢ్ గుట్టమీద సమాధి కట్టిరి. ఆ యేడు సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. అక్టోబరులో ఆ ఫ్రెంచి పటాలములు రద్దయ్యెను. నగరమందలి గన్‌ఫౌండ్రీ యను ఫిరంగుల కార్ఖానా కూడ ఆ రేమండు నెలకొల్పినదే.

ఫ్రెంచివారనగానే తెలుగువారికి స్ఫురించునది ఇట్టి ఫిరంగుల మ్రోతయే. మన పూర్వులు వారిని పరాసులనిరి. 1757లో బొబ్బిలికోటపై పడిన బుస్సీ దొర పేరు బుఱ్ఱకథ వినినవారెల్ల నెఱుగుదురు. కాని ఆ పరాసులలోనే తుపాకి పట్టక తాటియాకు పట్టినవారు కొందఱుండిరి. వారు లాటిను, గ్రీకు భాషలను చిన్ననాటనే నేర్చి, మన దేశమునకు వచ్చి తెలుగును, సంస్కృతమును నేర్చి, ఆ సంగతులను ఫ్రెంచిలో వ్రాసిరి. వారి కథ ఎక్కువమందికి తెలియదు. ఈ రజతోత్సవ సంచికలో దానినే చెప్పదలచితిని. గ్రంథాలయములలో పడియున్న పుస్తకములకును ఆ కథకును గల సంబంధము ముందు తెలియగలదు.

ముందుగా చదువుల మాట. ఐరోపాలో క్లాసిక్సు అనగా గ్రీకు, లాటిను భాషలును, వానిలోని కావ్యములు, చరిత్రలు, తత్త్వగ్రంథములును. ఆక్స్‌ఫర్డు మొదలగు ఇంగ్లాండు విశ్వవిద్యాలయములలో ఈ ప్రాచీన భాషలను, ఫ్రెంచి వంటి యొక యాధునిక భాషను కలిపి ఒకే పట్టముగా చదువు నేర్పాటు కలదు. అట్టి విద్యార్థి ఒక వైపు వర్జిలు మహాకవిని లాటినులో చదువును. మఱియొక వైపు ఆ మహాకవిని గురువుగా నెంచిన ఫ్రెంచి కవులను ఫ్రెంచిలో చదువును. నడుమ కొంతకాలము ఫ్రాన్సులో గడపి వచ్చును. తల్లిని, బిడ్డను ఒకే యింట చూచిన తీరున నుండును ఆ చదువు.

మనకు క్లాసిక్సు అనగా సంస్కృతము. అరబ్బీ, పారసీ భాషలును మన నగరమున ఆ గౌరవమును పొందినవే. 2008లో కేంద్రప్రభుత్వము తెలుగునకును ప్రాచీనభాష హోదా నిచ్చినది గనుక మన భాషయు ఆ పంక్తిలో కూర్చున్నది. ఇక మన కళాశాలలలో జరుగుచున్నదేమి? ఇంటర్మీడియెట్టులో చేరు బాలునికి గాని బాలికకు గాని ద్వితీయభాషల పట్టిక నొకదానిని చూపుదురు. అందు తెలుగు, హిందీ, ఉర్దూ, అరబ్బీ, సంస్కృతము, ఫ్రెంచి ఒకే వరుసలో నుండును. ఒకటి గైకొన్నవాడు తక్కినవానిని వదలవలసినదే. సంస్కృతమునకును ఫ్రెంచికిని ఇట్లు పోటీ పెట్టిరి గాని పొందు కూర్చలేదు. పైగా ఆ రెండింటిలో దేనిని కోరుకొన్నను చాలమంది కోరునది భాషను కాదు, మార్కులను. ఈ సంగతి తల్లిదండ్రులకును, అధ్యాపకులకును తెలియనిది కాదు.

ఈ రెండు చదువులు ఒక తలలో కలిసినపుడు ఏమి జరిగినదో చరిత్ర చెప్పుచున్నది.

1669లో గోలకొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచి వర్తకసంఘమువారు మచిలీపట్టణమున కోఠీ పెట్టిరి. తరువాత పుదుచ్చేరి, కారైకాలు, మన గోదావరి పాయ యొడ్డున యానాము, వంగదేశమున చంద్రనగరము వారి వశమయ్యెను. వర్తకుల వెంట క్రైస్తవ గురువులు వచ్చిరి. మతప్రచారమే వారి పని; అందులకే దేశభాషలు నేర్చిరి. అయినను వారిలో కొందఱు నేర్చిన దానితో ఆగలేదు. పోన్సు అను జెసూటు గురువు 1730 ప్రాంతముల చంద్రనగరమునుండి సంస్కృత గ్రంథములను పెద్ద సంఖ్యలో సేకరించి పారిసులోని రాజగ్రంథాలయమునకు పంపెను. ఆయన సంస్కృతమునకు లాటినులో నొక వ్యాకరణము కూడ వ్రాసెను. ఆ రోజులలోనే కల్మెత్ అను మఱియొక గురువు వేదముల వ్రాతప్రతులను సంపాదించి పంపెను. ఆ గ్రంథములు పారిసులో అరలలో చేరినవి. చదువువారు లేరు. డెబ్బదియేండ్లు దాదాపుగా అట్లే యుండెను.

ఇక క్యుర్దూ గురువును గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. గస్తోన్ లొరాన్ క్యుర్దూ 1691లో ఫ్రాన్సునందలి బూర్జు నగరమున జన్మించెను. 1732లో మన దేశమునకు వచ్చి, 1779లో పుదుచ్చేరిలో మరణించునంత వఱకు మరల స్వదేశమునకు పోలేదు. కర్ణాటక మిషను అను పేరుగల వారి సంస్థకు కొన్నియేండ్లు పెద్దగా నుండెను. ఆ మిషనులో వ్యవహారభాష ముఖ్యముగా తెలుగు. ఆయన తెలుగును, సంస్కృతమును ఫ్రెంచితో జోడించి నిఘంటువును కూర్చెను. 1742లో మన తీరమునందలి అద్దకపు బట్టల పనిని గూర్చి స్వదేశమునకు ఒక పెద్ద లేఖ వ్రాసెను. బట్టను కరక్కాయ నీటిలో, పాలలో తడుపుట, కలముతో గీతలు వ్రాయుట, మైనము పూసి నీలిరంగు వేయుట, ఇవన్నియు పనివారిని అడిగి తెలిసికొని వ్రాసిన లేఖ యది. కలంకారీని గూర్చి పరిశోధించువారు నేటికిని ఆ లేఖను వెదకి చదువుచున్నారు.

కాని ఆయన చేసిన పనులలో మేటి మఱియొకటి. సంస్కృతమునకును లాటిను, గ్రీకు భాషలకును అన్ని మాటలు ఎట్లు కలియుచున్నవి అను ప్రశ్నను ఆయన 1767లో పారిసులోని విద్వత్సభకు, గ్రీకు పండితుడగు బార్తెలెమీ గారి పేర వ్రాసి పంపెను. మాటల పట్టికలను జతపఱచెను. అంకెలను, సర్వనామములను పోల్చి చూపెను. సంస్కృతమందును గ్రీకునందును ద్వివచనము కలదని గుర్తించెను. 'అస్' ధాతువు రూపములను లాటిను క్రియారూపముల ప్రక్కన నిలిపెను. వర్తకము వలన గాని రాకపోకల వలన గాని ఇంత పోలిక రాజాలదనియు, ఈ జాతులన్నిటికిని మొదట ఒకే మూలము ఉండి తీరవలెననియు ఆయన యభిప్రాయము. ఆ మూలమును ఆయన బైబిలులోని నోవహు సంతతితో ముడివెట్టెను. కాలమునుబట్టి అది సహజము.

ఆ లేఖకు పట్టిన గతి విచారకరము. బార్తెలెమీ గారు దానిని ఆంకెతిల్ దుపెరోన్ గారి చేతిలో పెట్టిరి. 1768లో సభలో అది వచ్చినను ఎవరును దానిపై పని చేయలేదు. ఆంకెతిల్ గారికి భాషలకంటె చరిత్రయందు మక్కువ హెచ్చు. ఈలోపల 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు అదే మాటను ప్రసంగమున చెప్పి లోకప్రసిద్ధి నందెను. క్యుర్దూ లేఖ అచ్చయినది 1808లో. అప్పటికి ఆయన మరణించి ఇరువదితొమ్మిదేండ్లు. జోన్సు గొప్పతనమును తగ్గించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఆయనయు గ్రీకు, లాటిను చదివి వచ్చి ఇక్కడ సంస్కృతము నేర్చినవాడే. ఆలోచింపవలసినది ఇది: ఆ కాలమున పారిసులో గ్రీకు పండితులు వందలమంది, మన యగ్రహారములలో సంస్కృత పండితులు వేలమంది. పారిసువారికి 'అస్తి' తెలియదు, మనవారికి 'ఎస్త్' తెలియదు. రెండును తెలిసిన ముసలి గురువొకడు పుదుచ్చేరిలో నుండుటచేత ఈ సంగతి బయటపడినది.

ఆయనకు మఱియొక అన్యాయము కూడ జరిగినది. హిందువుల యాచారములను గూర్చి అబే దుబ్వా పేర 1816లో ఇంగ్లీషున అచ్చయి ప్రసిద్ధమైన గ్రంథమునకు ఆధారము క్యుర్దూ వ్రాతయే యని సిల్వియా ముర్ అను ఫ్రెంచి విదుషి 1987లో నిరూపించిరి.

ఇక ఆ పోలికల రుచి కొంచెము చూతము. మన 'దంతము' లాటినులో 'దెన్తెమ్', ఫ్రెంచిలో 'దాఁ'. ఫ్రెంచివారు ఈ మాటనుండి 'దాంతిస్త్' అను పదమును చేసిరి. ఇంగ్లీషువారు దానిని తీసికొని డెంటిస్టు అనిరి. మన కాలనీలో పంటివైద్యుని బోర్డుపై నున్న మాట ఇట్లు వచ్చినది. మన 'దానమ్' వారి 'దోనుమ్', ఫ్రెంచిలో 'దోఁ'. మన 'విధవా' వారి 'విదుఅ', ఫ్రెంచిలో 'వేవ్'. సప్త, నవ, దశ అనునవి లాటినులో సెప్తెమ్, నోవెమ్, దెకెమ్. ఫ్రెంచిలో సెత్, నెఫ్, దీస్. ఏడును ఫ్రెంచిలో 'సెత్' అని పలుకుదురు గాని వ్రాతలో 'ప'కారము కలదు. ప్రాచీన ఫ్రెంచిలో ఆ యక్షరము వ్రాతలోను లేదు. తరువాతి పండితులు లాటిను 'సెప్తెమ్'ను తలచుకొని దానిని తెచ్చి చేర్చిరి. సంస్కృతము చదివినవానికి ఆ పలుకని 'ప'కారము మన 'సప్త'లోని దేయని చెప్పనక్కఱలేదు. సంస్కృతమును లాటినును ఎఱుగని ఫ్రెంచి విద్యార్థికి అది వట్టి బాధ.

ఫ్రెంచి అనునాసికములను పలుకుట ఇతరులకు కష్టమందురు. అరసున్న అను గుర్తు ఒకప్పుడు మనకు ఆ పనికే యుండెను. మనము దానిని వ్రాయుటయు మానితిమి; వారు ఆ ధ్వనిని పలుకుట మానలేదు.

తెలుగు బడిలో చదివినవానికి ఈ విషయమున గల మఱియొక సౌకర్యమును చెప్పెదను. ప్రకృతి, వికృతి యని మనము చిన్నతనముననే వల్లించితిమి గదా! యాత్ర, జాతర, భక్తి, బత్తి, ఆశ్చర్యము, అచ్చెరువు, పక్షి, పక్కి. ఒకే మాట పండితుల ద్వారమున ఒకసారియు, జనుల నోటిద్వారమున ఒకసారియు లోపలికి వచ్చి రెండయినది. ఫ్రెంచిలోను అచ్చముగా ఇదే జరిగినది. లాటిను 'ఫ్రజిలిస్' జనుల నోట నలిగి 'ఫ్రేల్' అయినది. పండితులు మరల లాటినునుండి తెచ్చినది 'ఫ్రజీల్'. అతిథులకు సంబంధించిన లాటిను మాట 'హోస్పితాలె' నలిగి ఫ్రెంచిలో 'ఓతెల్' అయినది. పండితుల వలన 'ఓపితాల్' అయినది. ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చిన 'హోటలు', 'ఆసుపత్రి' అనునవి ఆ యప్పచెల్లెండ్రే! ఒకచోట తిని మఱియొకచోట చేరువారిని చూచి నవ్వుకొందుముగాని, భాషాశాస్త్రము ఆ రెండింటికిని చుట్టరికమును ఏనాడో చెప్పినది.

ఇచట ఒక హెచ్చరిక యవసరము. ఫ్రెంచి లాటినునకు బిడ్డయే గాని, తెలుగు సంస్కృతమునకు బిడ్డ కాదు. 1816లో మద్రాసున ఎల్లిసు దొర, కాంబెలు దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు తమిళ కన్నడములు ఒక కుటుంబమనియు, అవి సంస్కృతమునుండి పుట్టినవి కావనియు ఋజువు చేసెను. మనకు సంస్కృతము జన్మనిచ్చినది కాదు, మాటల నిచ్చినది. ఆ భేదము మఱవరాదు.

ఇప్పుడు మరల పారిసు గ్రంథాలయమునకు పోవుదము. 1803 తరువాత ఇంగ్లాండు ఫ్రాన్సుల యుద్ధము వలన అలెగ్జాండరు హేమిల్టను అను సంస్కృతజ్ఞుడు పారిసులో చిక్కుకొనెను. ఆయన ఊరక కూర్చుండక అచ్చటి సంస్కృత గ్రంథములకు పట్టిక తయారు చేసెను; జర్మను పండితుడు ష్లెగెలునకు సంస్కృతము నేర్పెను. షెజీ అను ఫ్రెంచి పండితుడు పోన్సు గురువు లాటినులో వ్రాసిన వ్యాకరణమునే ఆధారము చేసికొని స్వయంకృషితో సంస్కృతము నేర్చెను. 1814లో పారిసు కొలేజ్ ద ఫ్రాన్సులో సంస్కృత పీఠము నెలకొల్పి ఆయనను నియమించిరి. ఐరోపాలో అదియే మొదటిది. చంద్రనగరమునుండి వచ్చి అరలో దుమ్ము పట్టిన పుస్తకములు ఒక పీఠమును పుట్టించినవి. పుస్తకములు కొని యేమి లాభము, చదువువారేరి యని అడుగువారు ప్రతి యూరిలోను ఉందురు. పోన్సు గారి పుస్తకములకు చదువరి రావలెనన్న రెండు తరములు పట్టినది.

షెజీ శిష్యులలో తండ్రి కొడుకు లిద్దఱుండిరి. తండ్రి ఝాఁ లూయి బ్యుర్నూఫ్ లాటిను, గ్రీకు పండితుడు. గ్రీకు వ్యాకరణము వ్రాసి దేశమంతట పేరుపొందినవాడు. కొడుకు యూజేను బ్యుర్నూఫ్ 1832లో షెజీ పీఠమున కూర్చుండెను. ఆయన భాగవతమును ఫ్రెంచిలోనికి మార్ప నారంభించి, 1840, 1847 సంవత్సరముల నడుమ మూడు సంపుటములను వెలువరించెను. పోతనామాత్యుని భాగవతమును ఇంటింట పాడుకొను మనకు ఈ మాట సంతోషకరము. 1845లో మాక్సుమూలరు పారిసుకు పోయి ఆయన పాఠములను వినెను. సాయణభాష్యముతో ఋగ్వేదమును అచ్చొత్తింపుమని ప్రోత్సహించినది బ్యుర్నూఫే. విజయనగరమున బుక్కరాయల కాలమున వ్రాసిన ఆ భాష్యము, పారిసు పాఠశాలలో పుట్టిన తలంపు వలన 1849లో అచ్చుముఖమును చూడసాగి 1874లో ముగిసెను.

ఇంత దూరము పోనక్కఱలేదు, మన తెలంగాణముననే ఉదాహరణము కలదు. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును సంస్కృతమున రచించెను. అందలి ఉదాహరణములన్నియు ఆ రాజును గూర్చినవే. నాటక లక్షణమునకు ఆ రాజే నాయకుడుగా ఒక చిన్న నాటకమును కూడ అందు చేర్చెను. దానికి రత్నాపణమను వ్యాఖ్యను వ్రాసినవాడు కుమారస్వామి. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు వ్రాసిన కోలాచల మల్లినాథసూరి కుమారుడు. ఆ కోలాచలమే మెదకు సీమలోని కొల్చారము. ఈ ప్రతాపరుద్రీయమును వ్యాఖ్యతోగూడ ఫ్రెంచిలోనికి తెచ్చి, పీఠికతోను టిప్పణములతోను పియేర్ సిల్వాఁ ఫిలియోజా గారు 1963లో పుదుచ్చేరి ఫ్రెంచి పరిశోధన సంస్థ పక్షమున ప్రకటించిరి. ఆ సంస్థను 1955లో నెలకొల్పినది ఆయన తండ్రి ఝాఁ ఫిలియోజా గారు. ఓరుగంటి రాజును గూర్చి, కొల్చారపు వ్యాఖ్యాతను గూర్చి ఒక ఫ్రెంచి పండితుడు ఏమి తలచెనో తెలిసికొనవలెనన్న, ఓరుగంటి పిల్లకు గాని కొల్చారపు పిల్లవానికి గాని సంస్కృతమొక్కటియే చాలదు; ఫ్రెంచి యొక్కటియే చాలదు.

పాణినీయమును ఫ్రెంచిలోనికి తెచ్చిన లూయి రెనూ గారి వేదవ్యాకరణ పరిశోధనలు పదునేడు సంపుటములు. అవియు ఫ్రెంచిలోనే యున్నవి. మన సంస్కృత విద్యార్థి ఇంగ్లీషులో వచ్చిన దానితోనే తృప్తిపడినచో తన యింటి పెట్టెలో సగమును తెఱవనివాడగును. మన ఫ్రెంచి విద్యార్థి ప్రాచీన భాష నొకదానిని ఎఱుగనిచో యాత్రికులకు దారి చూపుటతో, కంపెనీల ఉత్తరములను మార్చుటతో ఆగును. అవి గౌరవమైన పనులే. కాని ఆ చదువునకు అవియే యెల్ల కారాదు.

తెలుగువారిలో ఫ్రెంచిని బడిభాషగా చదివినవారు యానామువారు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినను, 1962లో ఒప్పందము పూర్తిగా అమలగు వఱకును, ఆ పిదపను, అచటి పాత కుటుంబములలో ఆ భాష నిలిచినది. ఆ వృత్తాంతము వేఱొక వ్యాసమునకు తగినది.

నేడు మన పిల్లలకు దారి యేమి? ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో పుట్టినది. అచట సంస్కృత శాఖ కలదు. 1954లో ఏర్పడిన సంస్కృత అకాడమీయు కలదు. దాని సరసనే తార్నాక దారిలో ఇంగ్లీషు మఱియు విదేశీభాషల విశ్వవిద్యాలయము కలదు. 1958లో ఇంగ్లీషు బోధన సంస్థగా మొదలై, తరువాత ఇతర విదేశీభాషలను చేర్చుకొని, 2006 నాటి చట్టముచే విశ్వవిద్యాలయమైనది. అందు ఫ్రెంచిలో పట్టములు కలవు. సంస్కృతమునకును ఫ్రెంచికిని నడుమ మన నగరమున నున్న దూరము నడచి పోదగినంతయే. 2022 ఏప్రిలులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, తరగతుల వేళలు ఒకదానితో నొకటి అడ్డుపడనిచో ఒక విద్యార్థి ఒకేకాలమున రెండు పట్టములకు చదువవచ్చునని ప్రకటించెను. అంతకుముందు పట్టికలో ఒకదానిని కొట్టివేయక తప్పని విద్యార్థికి ఇప్పుడు ఆ బలవంతము లేదు. ఆయా విశ్వవిద్యాలయముల నిబంధనలను విచారించి చేరవలెను.

ఉద్యోగమేమి వచ్చునని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. ఇది ధనమునకు దగ్గఱిదారి యని చెప్పిన అది అబద్ధమగును. అధ్యాపకత్వము, అనువాదము, వ్రాతప్రతుల భాండాగారములు, రాయబార కార్యాలయములు, ఫ్రెంచి సంస్థల కొలువులు కలవు. అవి మిక్కిలి కావు. అందుచేత నేను చెప్పునది ఇంతియే: చేరదలచినవాడు రెండింటిని ఒకేనాడు మొదలుపెట్టక, ముందు సంస్కృతమున శబ్దములు, ధాతువులు, సంధులు రెండేండ్లు గట్టిగా వల్లించి, అటుపై ఫ్రెంచి మొదలుపెట్టుట మేలు. అట్టివానికి 'అస్మి, అసి, అస్తి' నోటనుండును. ఫ్రెంచి బోధకుడు మొదటివారమున 'ఉండుట' యను క్రియకు 'సుయి, ఎ, ఎ' అని పలికించి నల్లబల్లమీద వ్రాసినపుడు, మూడవ రూపమున పలుకకుండ మిగిలిపోయిన సకార తకారములను ప్రక్కవారు తప్పుగా పలుకుచుండగా, అవి ఎక్కడివో వాడు ఎవరిని అడుగనక్కఱలేదు.